డిరోబర్ట్ గెలిచిన బేరాలు, నౌరు పోగొట్టుకున్న డబ్బు

పసిఫిక్ సముద్రం అడుగున ఖనిజాలు తవ్వాలా వద్దా అన్న గొడవ వచ్చిన ప్రతిసారీ నౌరు పేరు వార్తల్లోకి వస్తుంది. ఆ వార్త కింద ఎవరో ఒకరు పాత కథ మళ్లీ చెబుతారు. ఒకప్పుడు తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందు వరుసలో ఉన్న దేశం, జనం పని మానేసి కార్లు కొని, విందులు చేసుకుని దివాలా తీశారు అని. నీతికథగా బాగానే ఉంది, లెక్కే కుదరదు. 21 చదరపు కిలోమీటర్ల దీవి, చుట్టూ ఉన్న రోడ్డు అరగంటలో తిరిగేయొచ్చు, జనాభా ఇప్పటికీ సుమారు పన్నెండు వేలే. అంత కొద్దిమంది ఎన్ని కార్లు కొంటే, ఎరువుల తయారీకి వాడే ఫాస్ఫేట్ రాయి అమ్మి కూడబెట్టిన వంద కోట్ల డాలర్ల స్థాయి నిధి కరిగిపోతుంది?

నిజంగా ఏం జరిగిందో అర్థం కావాలంటే ఒక మనిషి జీవితం చూడాలి. హ్యామర్ డిరోబర్ట్ నౌరు తొలి అధ్యక్షుడు. 1968 నుంచి 1989 దాకా, మధ్యలో కొన్ని విరామాలు తప్ప, దేశాన్ని నడిపింది ఆయనే.

క్లుప్తంగా

డిరోబర్ట్ బయటివాళ్లతో చేసిన బేరాలు దాదాపు అన్నీ గెలిచాడు: వలస పోవడానికి ఒప్పుకోలేదు, స్వాతంత్ర్యం తెచ్చాడు, ఫాస్ఫేట్ గనులు కొన్నాడు, ఆస్ట్రేలియాను అంతర్జాతీయ న్యాయస్థానానికి లాగాడు. ఇంట్లో మాత్రం డబ్బు దాచే చేతికీ ఖర్చు పెట్టే చేతికీ మధ్య గోడ కట్టలేదు. నిధి కుప్పకూలింది ఆయన దిగిపోయాక. కూలడానికి వీలైన కట్టడం మాత్రం ఆయన కాలంలోనే తయారైంది.

రాయి ఎక్కడిది, ఎవరిది

1888లో నౌరు జర్మనీ చేతిలోకి వెళ్లింది. అప్పటికి అక్కడ కొబ్బరి తప్ప బయటివాళ్లకు పనికొచ్చేది ఏమీ కనబడలేదు. సిడ్నీలో ఒక కంపెనీ ఆఫీసులో తలుపుకు అడ్డంగా పెట్టిన రాయిని 1899లో ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఉద్యోగి పరీక్ష చేయించాడు. అది నౌరు నుంచి తెచ్చిన రాయి, మేలు రకం ఫాస్ఫేట్ అని తేలింది. కొన్నేళ్లలోనే తవ్వకం మొదలైంది. భూమి యజమానులైన నౌరు కుటుంబాలకు దక్కింది టన్నుకు అర పెన్నీ.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా దీవిని పట్టుకుంది. తర్వాత బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి కంపెనీని కొనేసి బ్రిటిష్ ఫాస్ఫేట్ కమిషనర్స్ అనే సంస్థ పెట్టాయి. వాటాలు 42, 42, 16 శాతం. ఈ సంస్థ నడిచిన పద్ధతే తర్వాతి గొడవలన్నిటికీ మూలం. అది లాభం కోసం అమ్మే కంపెనీ కాదు, తవ్వడానికైన ఖర్చుకే తన దేశాల రైతులకు రాయి ఇచ్చేది. ప్రపంచ మార్కెట్లో అదే రాయికి ఎక్కువ ధర ఉండేది. ఆస్ట్రేలియా నేలల్లో భాస్వరం చాలా తక్కువ, సూపర్ ఫాస్ఫేట్ ఎరువు వేయకపోతే గోధుమా లేదు, గొర్రెలు మేసే పచ్చికా లేదు. కాబట్టి ఆ మార్కెట్ ధరకూ ఈ ఖర్చు ధరకూ మధ్య తేడా ఉందే, అది నౌరు భూమి నుంచి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలకు ఏటా వెళ్లిన రాయితీ. దాన్ని ఎవరూ బడ్జెట్‌లో చూపించలేదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. గనుల్లో పని చేసింది ఎక్కువగా చైనా నుంచి, గిల్బర్ట్, ఎల్లిస్ దీవుల నుంచి వచ్చిన కూలీలు. నౌరువాళ్లు మొదటి నుంచీ ఈ పరిశ్రమలో కార్మికులుగా కాదు, భూమి అద్దె తీసుకునేవాళ్లుగానే ఉన్నారు. "పని మానేశారు" అనే కథకు ఇక్కడే మొదటి దెబ్బ తగులుతుంది, మానేయడానికి ముందు ఆ పని వాళ్లకు ఇచ్చిందే తక్కువ.

ట్రుక్ నుంచి తిరిగొచ్చినవాళ్లలో ఒకడు

డిరోబర్ట్ 1922 సెప్టెంబర్ 25న నౌరులో పుట్టాడు. ఆస్ట్రేలియాలోని జిలాంగ్‌లో చదివి తిరిగొచ్చి టీచరయ్యాడు. 1942లో జపాన్ సైన్యం దీవిని ఆక్రమించింది. మరుసటి ఏడాది 1,200 మంది నౌరువాళ్లను ఓడలెక్కించి ట్రుక్ దీవులకు, ఇప్పుడు చూక్ అంటున్న చోటుకు, కూలి పనికి పట్టుకెళ్లింది. డిరోబర్ట్ అందులో ఉన్నాడు. ఆకలి, రోగాలు, బాంబుల మధ్య బతికి 1946 జనవరి 31న ఇంటికి చేరినవాళ్లు 737 మంది.

ఈ అంకెల బరువు తెలియాలంటే నౌరువాళ్లు ఏటా అక్టోబర్ 26న చేసుకునే అంగాం పండగ గురించి చెప్పుకోవాలి. జాతిగా నిలబడాలంటే కనీసం 1,500 మంది ఉండాలని ఒకప్పుడు లెక్క వేసుకున్నారు. 1932లో ఆ సంఖ్య చేరినప్పుడు పండగ మొదలైంది. యుద్ధం తర్వాత సంఖ్య మళ్లీ పడిపోయి, 1949లో రెండోసారి చేరుకున్నారు. తలలు లెక్కపెట్టుకుని పండగ చేసుకునే జాతి అది. డిరోబర్ట్ తరవాత తీసుకున్న నిర్ణయాలు మొండితనంగా కనబడితే ఈ నేపథ్యం మరిచిపోయినట్టే.

1947 నుంచి నౌరు ఐక్యరాజ్యసమితి ధర్మకర్తృత్వంలో ఉంది, పాలన ఆస్ట్రేలియాది. కాగితం మీద చిన్న తేడాలా ఉంటుంది గానీ డిరోబర్ట్ చేతికి దొరికిన అసలు పట్టు ఇదే. మామూలు వలస దేశమైతే పాలకుడితోనే మొర పెట్టుకోవాలి. ధర్మకర్తృత్వ ప్రాంతానికి న్యూయార్క్‌లో ఒక మండలి ఉంటుంది, పాలిస్తున్న దేశం అక్కడ ఏటా జవాబు చెప్పాలి. 1950ల మధ్యలో లోకల్ గవర్నమెంట్ కౌన్సిల్‌కు ఎన్నికై హెడ్ చీఫ్ అయ్యాక డిరోబర్ట్ ఈ దారిని పదేళ్ల పాటు బాగా వాడుకున్నాడు.

కర్టిస్ దీవి: వద్దన్న బేరం

1960ల మొదట్లో అందరి ముందూ ఉన్న లెక్క ఒకటే. మరో ముప్ఫై నలభై ఏళ్లలో ఫాస్ఫేట్ అయిపోతుంది, దీవి నడిమి భాగం మనుషులు ఉండటానికి పనికిరాకుండా పోతుంది. ఆస్ట్రేలియా సూచించిన మార్గం, జనాన్నంతా మార్చేయడం. క్వీన్స్‌లాండ్ తీరంలో కర్టిస్ అనే దీవి చూపించింది. ఇళ్లు, పని, ఆస్ట్రేలియా పౌరసత్వం, స్థానిక వ్యవహారాలు చూసుకోవడానికి ఒక కౌన్సిల్ ఇస్తామంది.

బేరం తెగింది ఒక్క మాట దగ్గర. సార్వభౌమాధికారం ఇస్తారా అని డిరోబర్ట్ అడిగాడు, ఆస్ట్రేలియా కుదరదంది. 1964లో నౌరువాళ్లు ఆ ప్రతిపాదన వదిలేశారు.

ఇది పొరపాటా అన్న చర్చ ఇప్పటికీ జరుగుతోంది. ఒప్పుకుని ఉంటే ఈరోజు నౌరు సంతతివాళ్లు ఆస్ట్రేలియా పౌరులుగా మెరుగైన ఆసుపత్రులు, బడులు ఉన్నచోట ఉండేవాళ్లన్నది నిజం. కానీ పక్కనే ఒక ఉదాహరణ డిరోబర్ట్ కళ్ల ముందే ఉంది. బనాబా దీవిలోనూ ఇదే ఫాస్ఫేట్, ఇదే సంస్థ. యుద్ధం అయిపోగానే, 1945 డిసెంబర్‌లో, బనాబావాళ్లను ఫిజీలోని రాబి దీవికి తరలించారు, వాళ్ల సొంత దీవి మీద తవ్వకం 1979 దాకా సాగింది. మాకు న్యాయంగా రావాల్సింది ఇప్పించండి అని వాళ్లు లండన్ కోర్టుకు వెళితే, ప్రభుత్వానికి నైతిక బాధ్యత ఉండొచ్చు గానీ కోర్టు అమలు చేయించగల బాధ్యత కాదన్నట్టు 1976లో తీర్పు వచ్చింది. దీవి వదిలి వెళ్లినవాడికి బేరం చేసే స్థానం కూడా పోతుందన్నది ఆ కథలో ఉన్న విషయం. ఆ లెక్కన చూస్తే 1964 నిర్ణయంలో తప్పు పట్టడం కష్టం.

గనులు చేతికొచ్చిన తీరు

1965 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఒక తీర్మానం చేసింది: నౌరుకు 1968 జనవరి 31 దాటకుండా స్వాతంత్ర్యం ఇవ్వాలి. ఆ తేదీ ట్రుక్ నుంచి తిరిగొచ్చిన రోజు, నౌరువాళ్లు అడిగి పెట్టించుకున్నది. ఆస్ట్రేలియా రక్షణ, విదేశీ వ్యవహారాలు తన దగ్గర ఉంచుకోవాలని చూసింది. డిరోబర్ట్ ఒప్పుకోలేదు.

ఫాస్ఫేట్ మీద చర్చ ఇంకా గట్టిగా సాగింది. మూడు దేశాలూ భాగస్వామ్యం ఇస్తాం, నిర్వహణ మాదే అన్నాయి. డిరోబర్ట్ బయటి నుంచి ఆర్థిక సలహాదారులను తెచ్చుకుని, ప్రపంచ ధరల పట్టికలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. యాజమాన్యం తప్ప ఇంకేదీ మాట్లాడనన్నాడు. 1967 ఒప్పందం ప్రకారం 2.1 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు యంత్రాలు, రేవు, పట్టాలు అన్నీ నౌరుకు అమ్మడానికి వాళ్లు ఒప్పుకున్నారు. ఆ డబ్బు ఫాస్ఫేట్ అమ్మకాల నుంచే తీర్చేశారు. 1970 నాటికి గనులు పూర్తిగా నౌరువి.

అవతలివాళ్లు ఎందుకు దిగొచ్చారన్నది చూడాలి. ఒకటి న్యూయార్క్ ఒత్తిడి. రెండోది, వాళ్లకు ఆపకుండా రాయి రావాలి, స్వాతంత్ర్యం రావడం ఖాయమయ్యాక కొత్త ప్రభుత్వంతో గొడవ పెట్టుకుంటే సరఫరాకే ముప్పు. డిరోబర్ట్‌కు సైన్యం లేదు, ఓట్ల బలం లేదు. గడువు తేదీ ఒక్కటే ఉంది, దాన్ని చివరి గంట దాకా వాడుకున్నాడు.

రాజ్యాంగంలో కూడా ఒక వాక్యం పెట్టించారు, అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1967 జూలై 1కి ముందు తవ్విన భూములను బాగు చేసే బాధ్యత నౌరు ప్రభుత్వానిది కాదు, అని 83వ అధికరణం చెబుతుంది. మరి ఎవరిది అన్న ప్రశ్న ఇరవై ఏళ్లకు హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి చేరింది.

పార్టీలు లేని పార్లమెంటు

కొత్త దేశానికి 18 మంది సభ్యుల పార్లమెంటు పెట్టుకున్నారు. అధ్యక్షుడిని ఎన్నుకునేది ఆ సభ్యులే, దించేదీ వాళ్లే. దేశాధినేత, ప్రభుత్వాధినేత రెండూ అధ్యక్షుడే. ఓటింగ్ పద్ధతి కూడా ప్రత్యేకం: 1971 నుంచి ఓటరు అభ్యర్థులందరికీ వరస ఇవ్వాలి, మొదటి స్థానానికి ఒకటి, రెండోదానికి అర, మూడోదానికి మూడో వంతు చొప్పున లెక్క కలుపుతారు. ఈ పద్ధతిలో నలుగురికీ కాస్త నచ్చిన బంధువు, పరిచయస్తుడు గెలుస్తాడు, పార్టీ పుట్టడానికి పెద్దగా అవసరం రాదు. ఫిరాయింపుల చట్టం అనే ఊసే లేదు, ఫిరాయించడానికి పార్టీలే లేనప్పుడు.

చాలాకాలం డిరోబర్ట్ వ్యక్తిగత పలుకుబడి ఈ ఖాళీని పూడ్చింది. 1976లో బెర్నార్డ్ డోవియోగో నేతృత్వంలో కుర్ర సభ్యులు ఆయన్ను దించారు. 1978కల్లా మళ్లీ ఆయనే. 1986లో కెన్నన్ అడియాంగ్ వచ్చి కొద్ది రోజులే ఉన్నాడు, మళ్లీ డిరోబర్ట్, మళ్లీ కొన్ని రోజులు అడియాంగ్, అదే ఏడాది డిసెంబర్ చివర్లో మళ్లీ డిరోబర్ట్. చివరికి 1989 ఆగస్టులో అవిశ్వాస తీర్మానంతో దిగిపోయాడు.

పద్దెనిమిది మందిలో పదిమంది ఒక పక్కకు వస్తే ప్రభుత్వం మారిపోయే చోట, మంత్రి ఎవరికైనా వచ్చే ఏడాది దాకా ఆలోచించే తీరిక ఉండదు. ఆ మంత్రుల చేతుల్లోనే వందేళ్ల పాటు నిలవాల్సిన నిధి ఉంది.

డబ్బు ఎక్కడ కారింది

ఫాస్ఫేట్ అమ్మగా వచ్చిన డబ్బు నాలుగైదు పాయలుగా వెళ్లేది. ఒక పాయ ప్రభుత్వ ఖర్చులకు, ఒకటి లోకల్ కౌన్సిల్‌కు, ఒకటి తవ్విన భూమి యజమానుల చేతికి నేరుగా, మిగతావి నౌరు ఫాస్ఫేట్ రాయల్టీస్ ట్రస్టులోకి. ట్రస్టులో మళ్లీ విడివిడి ఖాతాలు: దీర్ఘకాల పెట్టుబడి, ఇళ్లు, భూముల పునరుద్ధరణ. 1970ల మధ్యలో ప్రపంచ మార్కెట్లో ఫాస్ఫేట్ ధర ఒక్కసారిగా నాలుగైదు రెట్లయింది, డబ్బు వరదలా వచ్చింది. ఆదాయపు పన్ను లేదు, వైద్యం చదువు ఉచితం. ట్రస్టు విలువ బాగున్న రోజుల్లో వంద కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు దాటిందని అంచనా.

కాగితం మీద తప్పు పట్టడానికేం లేదు. తప్పు మూడు చోట్ల జరిగింది.

మొదటిది, పెట్టుబడి రకం. బాండ్లు, షేర్లు కొని వదిలేయకుండా, ప్రభుత్వం తనే భవనాలు కట్టి వ్యాపారాలు నడిపింది. మెల్‌బోర్న్‌లో 1977లో లేచిన 52 అంతస్తుల నౌరు హౌస్ అప్పట్లో ఆ నగరంలోకెల్లా ఎత్తైనది. చాలా చోట్ల హోటళ్లు, స్థలాలు కొన్నారు. రియల్ ఎస్టేట్ చెడ్డ పెట్టుబడేం కాదు, ఆ భవనాన్నే తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవడం సులువు కావడమే దాని చిక్కు. బాండు అమ్మితే లెక్కలో తగ్గినట్టు కనబడుతుంది, తాకట్టు పెడితే భవనం అక్కడే ఉంటుంది, ఎవరికీ తెలియదు.

రెండోది, ప్రతిష్ఠ కోసం మొదలైన సంస్థలు. 1970లో ఎయిర్ నౌరు మొదలైంది. దీని వెనక ఆలోచన పిచ్చిదేం కాదు: అప్పటిదాకా దీవికి రావాలన్నా పోవాలన్నా ఫాస్ఫేట్ ఓడలే దిక్కు, సొంత విమానాలుంటే నౌరు మధ్య పసిఫిక్‌కు కూడలి అవుతుందని డిరోబర్ట్ అనుకున్నాడు. అయితే ఆ కూడలిలో ఎక్కేవాళ్లు లేరు. ఒక దశలో అరడజను దాకా బోయింగ్ జెట్లు సగం ఖాళీగా తిరిగాయి, దేశ జనాభాలో దాదాపు పదోవంతు ఒకేసారి వాటిలో పట్టేవాళ్లు. ఏటా నష్టమే, ఏటా ఫాస్ఫేట్ డబ్బుతోనే పూడ్చడం.

రాయి అమ్మడం కన్నా ఎరువు చేసి అమ్మితే లాభమన్న లెక్కతో ఫిలిప్పీన్స్‌లో, భారత్‌లో ఎరువుల కర్మాగారాల్లోనూ వాటా తీసుకున్నారు. ఒడిశాలోని పారాదీప్ ఫాస్ఫేట్స్ 1981లో పుట్టింది భారత ప్రభుత్వం, నౌరు ప్రభుత్వం కలిసి పెట్టిన సంస్థగానే. మన దగ్గర డీఏపీ బస్తా మీద పారాదీప్ పేరు చూసిన రైతుల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువే. 1992 ఆగస్టులో కేంద్రం ఫాస్ఫేట్, పొటాష్ ఎరువుల ధరల మీద నియంత్రణ ఎత్తేసి మార్కెట్ అంతా తలకిందులైంది. మరుసటి ఏడాది నౌరు వాటా కూడా భారత ప్రభుత్వ పరమైంది. డిరోబర్ట్ వ్యాపార ఆలోచనల్లో తర్కం ఉన్నవాటిలో ఇదొకటి, విమానాలతో పోలిస్తే చాలా నయం.

మూడోదే అసలైనది. ట్రస్టు లెక్కలు బయటికి సరిగా వచ్చేవి కావు. ట్రస్టును నడిపేవాళ్లను పెట్టేది ప్రభుత్వం, ప్రభుత్వానికి డబ్బు తక్కువైనప్పుడు అడిగేది ట్రస్టునే. సొంత కరెన్సీ లేదు, ఆస్ట్రేలియన్ డాలరే వాడతారు కాబట్టి నోట్లు అచ్చేసుకునే దారి కూడా లేదు. 1990ల్లో ఫాస్ఫేట్ తగ్గడం మొదలైనా ఖర్చులు తగ్గలేదు, ఉద్యోగాల్లో చాలా భాగం ప్రభుత్వానివే కాబట్టి తగ్గించిన ప్రభుత్వం మరుసటి వారం ఉండదు. తేడాను అప్పులతో నింపారు, అప్పులకు ట్రస్టు ఆస్తులు తాకట్టు పెట్టారు. అప్పిచ్చినవాళ్లు ఊరుకోలేదు, 2004లో మెల్‌బోర్న్ భవనంతో సహా ఆస్తులు అప్పు వసూలు కోసం నియమించిన రిసీవర్ల చేతిలోకి పోయాయి. 2005 డిసెంబర్‌లో మిగిలిన ఒక్క విమానాన్నీ పట్టుకుపోయారు.

ఇందులో డిరోబర్ట్ పాలు ఎంత? తాకట్లు, మోసపూరిత పథకాల్లో పెట్టుబడులు ఎక్కువగా ఆయన దిగిపోయాక జరిగినవి. 1989 నుంచి పదిహేనేళ్లలో అధ్యక్షులు మారిన వేగం చూస్తే తర్వాతివాళ్ల బాధ్యత చిన్నది కాదు. కానీ ఇరవై ఏళ్లు దాదాపు ఎదురులేకుండా ఉన్న రోజుల్లో ట్రస్టుకూ కేబినెట్‌కూ మధ్య తాళం వేయగలిగిన ఒకే ఒక్కడు ఆయన, ఆ పని చేయలేదు. తాళం అక్కర్లేదని అనుకున్నాడేమో, తన మాటే తాళం కాబట్టి.

పక్కవాళ్లు ఏం చేశారు

చిన్న దీవులకు ఇది తప్పని గతి అనుకుంటే పొరపాటు. బనాబా దీవి ఉన్న పొరుగు దేశం కిరిబాటిలో, ఆ ఫాస్ఫేట్ మీద వచ్చిన డబ్బుతో 1956లోనే, బ్రిటిష్ పాలనలో, ఒక నిల్వ నిధి పెట్టారు. 1979లో స్వాతంత్ర్యం వచ్చింది, అదే ఏడాది ఫాస్ఫేట్ అయిపోయింది. నిధి మాత్రం ఇప్పటికీ ఉంది, పెరిగింది కూడా. కిరిబాటి నౌరు కన్నా పేద దేశం, అక్కడి నాయకులు ఎక్కువ పొదుపరులని కూడా చెప్పలేం. తేడా ఏమిటంటే, ఆ డబ్బును బయటి ఫండ్ మేనేజర్లు విదేశీ బాండ్లు, షేర్లలో పెట్టారు, ప్రభుత్వం భవనాలు కట్టలేదు, విమానాల నష్టాలకు దాన్ని గుమ్మరించలేదు.

మరో చిన్న దీవుల దేశం టువాలు ఇంకో అడుగు ముందుకేసింది. 1987లో సుమారు 2.7 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లతో ట్రస్టు పెట్టినప్పుడు, డబ్బు వేసిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్ ప్రతినిధులను కూడా బోర్డులో కూర్చోబెట్టింది. స్వతంత్ర దేశానికి ఇది కాస్త నామోషీ. డిరోబర్ట్ అయితే ఛస్తే ఒప్పుకునేవాడు కాదు, ఆ దేశాల చేతిలోంచి దీవిని లాక్కోవడమే ఆయన జీవితమంతా చేసిన పని. ఏ గుణం వల్ల గనులు దక్కాయో, నిధికి బయటి కాపలా పెట్టకపోవడానికీ అదే కారణమైంది.

హేగ్‌లో చివరి బేరం

1986 డిసెంబర్‌లో డిరోబర్ట్ ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని వేసింది. శ్రీలంకకు చెందిన న్యాయ నిపుణుడు క్రిస్టఫర్ వీరమంత్రి దానికి అధ్యక్షుడు. స్వాతంత్ర్యానికి ముందు తవ్విన భూములను బాగు చేసే బాధ్యత మూడు పాలక దేశాలదే అని 1988లో సంఘం తేల్చింది.

కేసు వేయడానికి ఒక అడ్డం ఉంది. నౌరు అప్పటికి ఐక్యరాజ్యసమితి సభ్యదేశం కాదు, అయింది 1999లో. సభ్యత్వం లేకపోయినా అంతర్జాతీయ న్యాయస్థానంలో మాత్రం చేరే వీలుంది, 1988 జనవరిలో నౌరు అలా చేరింది. 1989 మే 19న ఆస్ట్రేలియా మీద కేసు పడింది. మూడు నెలలకే డిరోబర్ట్ పదవి పోయింది, కేసు మాత్రం ఆగలేదు.

ఆస్ట్రేలియా గట్టిగా పట్టుకున్న వాదన ఇది: గనులు నడిపింది ముగ్గురు, కోర్టులో ఉన్నది ఒక్కరే, బ్రిటన్, న్యూజిలాండ్ లేకుండా మా మీద తీర్పు ఎలా ఇస్తారు? 1992 జూన్ 26న కోర్టు 9-4 ఓట్లతో దాన్ని తోసిపుచ్చి, కేసు వినడానికి ఒప్పుకుంది. మిగతా ఇద్దరు లేకపోయినా ఆస్ట్రేలియా బాధ్యత ఎంతో విడిగా చూడొచ్చన్నది. అంతర్జాతీయ న్యాయం చదివేవాళ్లు ఈ తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తారు. డిరోబర్ట్ జూలై 15న మెల్‌బోర్న్‌లో చనిపోయాడు.

అసలు విచారణ దాకా పోకుండా 1993 ఆగస్టులో ఆస్ట్రేలియా రాజీకొచ్చింది. మొత్తం 10.7 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు: 5.7 కోట్లు మొదట్లోనే, మిగతాది ఏడాదికి 25 లక్షల చొప్పున ఇరవై ఏళ్లు. బ్రిటన్, న్యూజిలాండ్ చెరో 1.2 కోట్లు ఆస్ట్రేలియాకు ఇచ్చాయి. ఇరవై ఏళ్లలో వాయిదాలు అయిపోయాయి, దీవిలో బాగుపడిన భూమి మాత్రం కొంచెమే.

ఒక నిజాన్ని కూడా పక్కన పెట్టకూడదు. స్వాతంత్ర్యం తర్వాత నౌరు తనే తవ్వింది కూడా తక్కువేం కాదు. వలస పాలకుల తవ్వకానికి హేగ్‌లో లెక్క అడిగిన ప్రభుత్వమే, అదే పద్ధతిలో, అంతకన్నా లాభసాటి ధరకు, పక్క భూములు తవ్వుతూ వచ్చింది. దానికోసం పెట్టిన పునరుద్ధరణ ఖాతా కూడా మిగతా నిధితోనే పోయింది.

ఇప్పుడు ఏ దారి

1990ల నుంచి నౌరు ఆదాయం తెచ్చుకున్న కొత్త దారులన్నిట్లో అమ్మకానికి పెట్టింది ఒకటే, దేశం అనే హోదా. ఉత్తుత్తి బ్యాంకులకు రిజిస్ట్రేషన్లు ఇచ్చి నల్లధనం చిక్కుల్లో పడింది. ఆస్ట్రేలియాకు వచ్చే శరణార్థులను తన దగ్గర శిబిరంలో ఉంచుకోవడానికి 2001లో ఆ దేశంతో ఒప్పందం చేసుకుంది. తైవాన్, చైనాల మధ్య గుర్తింపు ఒకసారి కాదు, పలుసార్లు మార్చింది, ఆఖరిది 2024 జనవరిలో చైనా వైపు. సముద్ర తవ్వకానికి స్పాన్సర్‌గా ఉండటమూ ఇదే కోవలోది, అంతర్జాతీయ జలాల్లో తవ్వాలంటే కంపెనీకి ఏదో ఒక దేశం పూచీ ఉండాలి. కర్టిస్ దీవికి వెళ్లి ఉంటే ఇవేవీ అమ్మడానికి ఉండేవి కావు. డిరోబర్ట్ 1964లో దేనికోసం పట్టుబట్టాడో, ఫాస్ఫేట్ పోయాక దేశం బతుకుతున్నది దాని మీదే.

డబ్బు దాచే తీరు మారింది. 2014లో ఆదాయపు పన్ను వచ్చింది. 2015లో పెట్టిన కొత్త ట్రస్టు టువాలు నమూనాకు దగ్గరగా ఉంటుంది, డబ్బు వేసే బయటి దేశాలకు నిర్వహణలో చోటుంది, ఏళ్ల తరబడి తీయకూడదన్న నిబంధన ఉంది.

2025లో, అప్పటికి 1,05,000 అమెరికన్ డాలర్ల నుంచి మొదలయ్యే ధరకు పౌరసత్వం ఇచ్చే పథకం తెచ్చారు. సముద్రమట్టం పెరుగుతోంది కాబట్టి తీరం అంచున ఉన్న ఇళ్లను ఎత్తైన చోటికి మార్చడానికి ఆ డబ్బు వాడతామని ప్రభుత్వం అంటోంది. నౌరులో ఎత్తైన చోటంటే తవ్వి వదిలేసిన నడిమి పీఠభూమే. ఫాస్ఫేట్ అక్కడ పగడపు సున్నపురాయి స్తంభాల మధ్య సందుల్లో ఉండేది. రాయి తోడేశాక మిగిలినవి ఇంటి ఎత్తున లేచిన స్తంభాలు, వాటిని కొట్టి చదును చేసి మట్టి పరిస్తే గానీ పునాది పడదు. 1989 కేసులో ఆ పనికయ్యే ఖర్చు పాత పాలకులు ఇవ్వాలని నౌరు అడిగింది. ఇప్పుడు అది పాస్‌పోర్టు కొనేవాళ్ల నుంచి రావాలి, ఎంతమంది కొంటారన్నదాని మీద పని వేగం ఆధారపడి ఉంటుంది.